ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసేవారికి తోడు ఎవరు?

ప్రశ్న: పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగంలో బోధిస్తున్నాను. మా కళాశాలలో ఆన్‌లైన్ పాఠాలు నడిపే మూడిల్ సర్వరు ఉంది కాని, అందులో పీడీఎఫ్‌లు తప్ప మరేమీ లేవు. విద్యార్థులు చదివి ఊరుకోకుండా ఆలోచించి జవాబు చెప్పే పాఠాలు చేయాలని ఉంది. ఖర్చు పెట్టే స్థితి లేదు. ఎక్కడ నేర్చుకోవాలి, ఎవరిని అడగాలి?
– ఒక అధ్యాపకురాలు, నెల్లూరు

జవాబు: కళాశాలలో మూడిల్ ఉండడమే మీకు పెద్ద సదుపాయం. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ రూపొందించగా 2002లో మొదటి కూర్పు వెలువడిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడే ఉపాధ్యాయులు, సర్వరు నిర్వాహకులు, ప్రోగ్రామర్లు మూడిల్ డాట్ ఆర్గ్ చర్చావేదికల్లో రెండు దశాబ్దాలుగా ఒకరి సందేహాలు మరొకరు తీరుస్తున్నారు. మీకు కలిగే సందేహం ఇదివరకే ఎవరో అడిగి ఉండే అవకాశం ఎక్కువ కనుక, కొత్త ప్రశ్న పెట్టే ముందు పాతవి వెతకడం అక్కడి మర్యాద. మొదటి నుంచి క్రమంగా నేర్చుకోదలిస్తే మూడిల్ అకాడమీలో ఉచిత పాఠ్యక్రమాలు ఉన్నాయి.

పీడీఎఫ్‌ల స్థానంలో ఏం పెట్టాలంటే, నేను ముందుగా హెచ్‌5పి పేరే చెబుతాను. విద్యార్థి జవాబులు చెబుతూ సాగే పాఠాలు కట్టడానికి నార్వేలో పుట్టిన ఈ ఉచిత ఉపకరణం 2020లో వచ్చిన మూడిల్ 3.9 నుంచి ఒక ప్రత్యేక కార్యకలాపంగా మూడిల్‌లోనే దొరుకుతోంది. మీ సర్వరులో ఉన్నది ఏ కూర్పో నిర్వాహకుణ్ణి అడిగి తెలుసుకోండి. మీ విభాగం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు ఫేజుల మోటారుకు వాడే స్టార్-డెల్టా స్టార్టరు పనిచేసే తీరును ఫోనుతో రెండు నిమిషాల వీడియో తీసి, ఇంటరాక్టివ్ వీడియోగా మార్చి, స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో వీడియో తనంతట తానే ఆగి ‘ముందు తెరుచుకోవలసిన కాంటాక్టరు ఏది?’ అని అడిగేలా పెట్టవచ్చు. స్టార్ కాంటాక్టరు తెరుచుకోకముందే డెల్టా కాంటాక్టరు మూసుకుంటే షార్ట్ సర్క్యూట్ అవుతుందన్న సంగతిని, తప్పు జవాబు ఎంచుకున్న విద్యార్థికి అక్కడికక్కడే వివరించవచ్చు. హెచ్‌5పి డాట్ ఆర్గ్‌లో ఉన్న మాదిరుల కింద చాలాచోట్ల రీయూజ్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కి ఫైలు దించుకుని, లూమి అనే ఉచిత ఎడిటరులో తెరిచి చూస్తే, ఆ పాఠాన్ని ఎలా కట్టారో పొరపొరా తెలుస్తుంది. ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత తొందరగా నేర్చుకోలేరని నా అభిప్రాయం.

దీనికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మన అధ్యాపకులు చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ తర్వాత ఏం చెప్పాలా అని ఆలోచిస్తారు. ఐఐటీ బొంబాయి నడుపుతున్న స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో పద్ధతి ఇందుకు తలకిందులుగా ఉంటుంది. పది నిమిషాల పాఠానికైనా ముందు రెండు నిలువు వరుసల పట్టికలో, ఒకవైపు తెరమీద కనబడవలసినది, మరోవైపు వినబడవలసినది రాస్తారు. ఆ విషయం బొత్తిగా తెలియని వ్యక్తి చేత ఆ రాతను చదివించి, అందులో చెప్పినట్టు చేయగలిగితేనే రికార్డింగుకు వెళతారు. ఆ పట్టికలను ఎవరైనా చదవవచ్చు, వాటిలో తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఒక ఇంగ్లీషు పట్టికను, దాని తెలుగు పట్టికను పక్కపక్కన పెట్టుకుని చదివితే, వాక్యం ఎంత చిన్నదైతే వినేవారి చెయ్యి మౌసు మీద అంత తేలిగ్గా కదులుతుందో మీకే అర్థమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం తరఫున 2017లో మొదలైన ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం కూడా ప్రతి కోర్సుకూ వీడియో, చదువుకునే పాఠం, స్వీయ మూల్యాంకనంతో పాటు చర్చను నాలుగో భాగంగా నిర్దేశించింది. మీ కోర్సులో చర్చాస్థలం తెరిస్తే వారానికి రెండు రోజులైనా మీరే అక్కడ కనబడాలి. లేకపోతే తెరవకపోవడమే మేలు.

ప్రశ్న: మేము ఒక సంస్థ ఉద్యోగుల కోసం అరవై తెరల శిక్షణ పాఠం తయారుచేసి పాఠానికీ ఎల్ఎంఎస్‌కూ (శిక్షణను నడిపే సాఫ్ట్‌వేర్) మధ్య సమాచారం నడిపే ప్రమాణమైన స్కార్మ్ 1.2లో ప్యాకేజీగా ఇచ్చాము. మా కంప్యూటర్లలో బాగానే నడుస్తోంది. ఆ సంస్థ ఎల్ఎంఎస్‌లో మాత్రం సగంలో ఆపి మళ్ళీ తెరిస్తే పాఠం మొదటికి వస్తోంది, పూర్తిచేసినవారికి కూడా ‘అసంపూర్ణం’ అని చూపిస్తోంది. రెండు వేదికల్లో అడిగినా ఒక్కరూ పలకలేదు. తప్పు మాదా, వాళ్ళదా?
– ఒక కంటెంట్ డెవలపర్, హైదరాబాద్

జవాబు: తప్పు ఎవరిదో తేల్చడానికి ఈ వృత్తిలో అందరూ ఒప్పుకునే మధ్యవర్తి స్కార్మ్ క్లౌడ్. రస్టిసి సాఫ్ట్‌వేర్ సంస్థ నడిపే ఈ సేవలో చిన్న పరిమితితో ఉచిత ఖాతా తెరవవచ్చు. మీ ప్యాకేజీని అక్కడ ఎక్కించి, సగం వరకు నడిపి, మూసి, మళ్ళీ తెరవండి. అక్కడ కూడా పాఠం మొదటికి వస్తే లోపం మీ ప్యాకేజీలో ఉన్నట్టే. అక్కడ సరిగ్గా నడిస్తే అనుమానం క్లయింటు ఎల్ఎంఎస్ మీదికి, దాని అమరికల మీదికి మళ్ళుతుంది.

ఆ తర్వాత చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. పాఠం ఎక్కడ ఆగిందో, ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చారో వంటి వివరాలన్నీ సస్పెండ్ డేటా అనే ఒకే గడిలో దాచుకుంటారు. స్కార్మ్ 1.2 ప్రమాణం దానికి 4096 అక్షరాల హద్దు పెట్టింది. స్కార్మ్ 2004 నాలుగో కూర్పులో అది 64000. అరవై తెరలు, తెరకు నాలుగైదు వేరియబుళ్ళు ఉన్న పాఠం 4096ను ఇట్టే దాటేస్తుంది. హద్దు మీరినప్పుడు కొన్ని ఎల్ఎంఎస్‌లు మిగిలినదాన్ని కత్తిరిస్తాయి, కొన్ని అసలు తీసుకోవు, మరికొన్ని చూసీచూడనట్టు పోనిస్తాయి. మూడిల్‌లోనైతే ప్రమాణాన్ని కచ్చితంగా పాటించాలా వద్దా అన్నది నిర్వాహకుడే ఎంచుకునే అమరిక ఉంది. ఒకే ప్యాకేజీ ఒకచోట నడిచి మరోచోట నడవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణమవుతుంది. పాఠాన్ని ఇరవై తెరల చొప్పున మూడు ముక్కలు చేయడం దీనికి అన్నింటికన్నా సులువైన విరుగుడు. విద్యార్థికి కూడా అదే హాయి.

రెండోది, పాఠం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎగ్జిట్ విలువ ‘సస్పెండ్’ అని వెళుతోందా లేదా అన్నది. అది వెళ్ళకపోతే ఎల్ఎంఎస్ తర్వాతిసారి కొత్త ప్రయత్నంగా మొదలుపెట్టవచ్చు. మూడోది బ్రౌజరుకు సంబంధించినది. విద్యార్థి బయటికి వెళ్ళే మీట నొక్కకుండా ట్యాబును నేరుగా మూసేస్తే చివరి సమాచారం సర్వరుకు చేరకపోవచ్చు. పేజీ మూసుకుంటున్న సమయంలో, సర్వరు జవాబు వచ్చేదాకా పేజీని ఆపి ఉంచే (సింక్రనస్) అభ్యర్థనలను 2020లో క్రోమ్ 80 నిలిపివేసిన తర్వాత, పాత పద్ధతిలో రాసిన ఎల్ఎంఎస్‌లకు ఈ ఇబ్బంది ఎక్కువైంది. కనుక చివరి తెర వరకు ఆగకుండా, ప్రతి ముఖ్యమైన తెర దగ్గరా, అప్పటిదాకా ఉన్న సమాచారాన్ని సర్వరులో దాచమనే కమిట్ ఆదేశం పంపేలా చూడండి.

‘అసంపూర్ణం’ సంగతికి మరో కోణం ఉంది. స్కార్మ్ 1.2లో పూర్తిచేయడం, ఉత్తీర్ణత అనే రెండు వేర్వేరు విషయాలను లెసన్ స్టేటస్ అనే ఒక్క గడిలోనే చెప్పాలి. మీరు ‘కంప్లీటెడ్’ అని పంపుతుండగా ఆ సంస్థ ఎల్ఎంఎస్ ‘పాస్డ్’ కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. స్కార్మ్ 2004 ఈ రెంటినీ విడదీసింది కాని, మూడిల్ వంటి వేదికలు పూర్తిగా ఆదరించేది 1.2నే కాబట్టి కూర్పు మార్చే ముందు క్లయింటును అడగండి. ప్యాకేజీ అసలు ఎక్కనే ఎక్కకపోతే మాత్రం జిప్ ఫైలు తెరిచి చూడండి. పాఠంలోని ఫైళ్ళ జాబితా ఉండే ఐఎంఎస్ మ్యానిఫెస్ట్ ఫైలు జిప్ తెరవగానే కనబడాలి. ఫోల్డరు లోపలి ఫైళ్ళను ఎంచుకుని జిప్ చేయకుండా ఫోల్డరునే జిప్ చేసేవారికి అది ఒక మెట్టు లోపలికి పోతుంది.

ఇక వేదికల్లో ఎవరూ పలకకపోవడం గురించి. ‘మా కోర్సు పనిచేయడం లేదు, సహాయం చేయండి’ అన్న ప్రశ్నకు జవాబివ్వడం ఎవరి తరమూ కాదు. పాఠం తయారుచేసినది ఏ ఆథరింగ్ ఉపకరణంలో, ఏ కూర్పు, ఏ స్కార్మ్, ఏ బ్రౌజరు, స్కార్మ్ క్లౌడ్‌లో ఫలితమేమిటి, ఏ అడుగు దగ్గర తేడా వస్తోంది అన్నవి మొదటి పేరాలోనే చెప్పి, లోపం కనబడే రెండు తెరల చిన్న ప్యాకేజీని జతచేయండి. పాఠాన్ని అంత చిన్నదిగా కుదించే ప్రయత్నంలోనే సగం లోపాలు బయటపడతాయి. లాగ్ ఫైలు పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. స్కార్మ్ సంభాషణలో విద్యార్థి పేరు, గుర్తింపు సంఖ్య కూడా ఉంటాయి, వాటిని చెరిపేయకుండా బహిరంగంగా పెట్టకూడదు. అలాంటి ఉపకరణాల్లో స్టోరీలైన్ వాడితే దాన్ని తయారుచేసే ఆర్టిక్యులేట్ వారి ఇ-లెర్నింగ్ హీరోస్‌లో, క్యాప్టివేట్ వాడితే అడోబీ సమూహంలో, క్లయింటుది మూడిల్ అయితే మూడిల్ డాట్ ఆర్గ్‌లో స్కార్మ్‌కు కేటాయించిన వేదికలో అడగండి. ఏ ఉపకరణానికీ చెందని ప్రశ్న అయితే రెడిట్‌లోని ఇ-లెర్నింగ్ విభాగం పరవాలేదు.

ప్రశ్న: బీఎస్సీ పూర్తయింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ (శిక్షణ పాఠాల రూపకర్త) ఉద్యోగానికి సర్టిఫికెట్ కోర్సు చేయమని ఒక శిక్షణ కేంద్రం వారు చెబుతున్నారు. ఫీజు చాలా ఎక్కువగా ఉంది. చేరమంటారా?
– ఒక నిరుద్యోగి, కరీంనగర్

జవాబు: అప్పు చేసి చేరవద్దు. ఈ రంగంలో ఇంటర్వ్యూ చేసేవారు మీరు చేసిన పని చూపించమంటారు. ఇ-లెర్నింగ్ హీరోస్‌లో వారం వారం ఒక చిన్న సవాలు ఇస్తారు. ఆ పాత సవాళ్ళను, వాటికి ఇతరులు చేసి చూపిన పరిష్కారాలను డబ్బు కట్టకుండానే చూడవచ్చు. స్టోరీలైన్ కొనలేకపోతే అదే సవాలును హెచ్‌5పిలోనో, అడాప్ట్ అనే ఉచిత ఫ్రేమ్‌వర్క్‌లోనో చేయండి. మూడు నాలుగు నమూనాలు, ఒక్కొక్కదానికీ ఎవరి కోసం చేశారో, ఎందుకలా చేశారో చెప్పే అరపేజీ వివరణ ఉంటే చాలు. బీఎస్సీలో మీకు బాగా వచ్చిన పాఠంతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా సంస్థ దగ్గర ఇరవై ఏళ్ళుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పోటీ పరీక్షల పుస్తకాలున్నాయి. వాటిని ఆన్‌లైన్ కోర్సుగా మార్చబోతే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనబడుతోంది. బొమ్మలుగా పెట్టేయమని మా డిజైనరు అంటున్నారు.
– ఒక ప్రచురణకర్త, గుంటూరు

జవాబు: బొమ్మలుగా పెట్టకండి. ఆ పని ఒక్క రోజులో తెమలవచ్చు కాని, ఆ పాఠంలో వెతకడం కుదరదు, చిన్న ఫోనులో అక్షరం పెంచుకోవడం కుదరదు, చూపు లేని అభ్యర్థికి స్క్రీన్ రీడరు ఒక్క ముక్క కూడా చదివి పెట్టదు. అను వంటి పాత ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరాలు నిల్వ ఉండవు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలకు తెలుగు ఆకారాలు తొడిగారు. ఆ ఫాంటు లేనిచోట ఆకారం పోయి సంకేతం మిగులుతుంది. ప్రతి భాషలోని అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచే తెలుగుకు సొంత స్థానం ఉంది. కన్వర్టర్లతో మార్పించి, ఒత్తులు, అంకెలు, విరామచిహ్నాలు పుస్తకంతో సరిపోల్చి దిద్దించండి. గణితం, తర్కం పుస్తకాలలో ఈ దిద్దుబాటుకే ఎక్కువ సమయం పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

మండలి, రామభద్ర, సూరన్న, నోటో సాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఆథరింగ్ ఉపకరణాలలో మీటల ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేలా పెడతారు కనుక ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో కింది ఒత్తు తెగిపోతుంది. పంక్తుల మధ్య ఎడం పెంచి, అసలైన ఆండ్రాయిడ్ ఫోనులో చూసుకున్న తర్వాతే ప్రచురించండి. యూనికోడ్ చిక్కుల గురించి తెలుగులోనే అడగాలంటే తెలుగు వికీపీడియా రచ్చబండలో ఏళ్ళ తరబడి ఈ పని చేసిన ఔత్సాహికులున్నారు, హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఉంది. మూడిల్ తెరమీది మాటలు తెలుగులో సరిగా లేవనిపిస్తే, దాని అనువాద వేదికలో ఖాతా తెరిచి మీ సంపాదకులే సవరణలు ప్రతిపాదించవచ్చు.

ప్రశ్న: ఇక్కడ పిల్లలకు వారాంతాల్లో తెలుగు నేర్పుతున్నాము. ఆన్‌లైన్ పాఠాలలో ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు వాడుతున్నాము. ఫీజు నామమాత్రమే. ఇబ్బంది ఉంటుందా?
– ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయిని, న్యూజెర్సీ

జవాబు: ఇంటర్నెట్‌లో దొరికినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. కర్తలే షరతులతో ముందుగా అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నవాటిని ఎంచుకుని, ఆ లైసెన్సులోని అక్షరాలు చూడండి. బీవై ఉంటే కర్త పేరు చెప్పాలి. ఎస్ఏ ఉంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌డీ ఉన్నదాన్ని మార్చి ప్రచురించకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఎన్‌సీ ఉన్నవి వాణిజ్యానికి పనికిరావు. నామమాత్రపు ఫీజు వాణిజ్యమా కాదా అన్న వాదన ఎంతకీ తెగదు కనుక, ఫీజు తీసుకునే తరగతులకు అవి వాడకపోవడమే సుఖం. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ పాఠాలకు ఎన్‌సీ, ఎస్ఏ రెండూ వర్తిస్తాయి. మన ఎన్‌సీఈఆర్‌టీ 2013లో మొదలుపెట్టిన బహిరంగ విద్యా వనరుల జాతీయ భాండాగారం బీవై-ఎస్ఏ పద్ధతిని ఎంచుకుంది, వికీమీడియా కామన్స్‌లో మామిడిపండు నుంచి సంక్రాంతి ముగ్గు వరకు బొమ్మలు దొరుకుతాయి. బొమ్మ దించుకున్న రోజే దాని చిరునామా, కర్త పేరు, లైసెన్సు ఒక పట్టికలో రాసుకుని, పాఠం చివరి తెరలో ఆ వివరాలు ఉంచండి. ఏడాది తర్వాత ఎవరైనా అడిగినప్పుడు వెతుక్కునే పని ఉండదు.