కౌంటీ కమిషనరుగా నిలబడతానన్న మేనకోడలికి

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. టెక్సాస్‌లో మీ కౌంటీ కమిషనర్స్ కోర్టుకి, అంటే పేరుకి కోర్టైనా మన జిల్లా పరిషత్తు లాంటి పాలకమండలికి, ప్రిసింక్ట్ 2 అనే నియోజకవర్గం నుంచి పోటీ చేస్తానన్నావు. చెయ్యి. కానీ "2026 నవంబరు దాకా టైముంది కదా మావయ్యా" అన్నావు చూడు, అక్కడే చాలామంది మునిగేది. మీలాంటి పల్లె కౌంటీల్లో పెళ్ళి మార్చి 3న రిపబ్లికన్ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నికలోనే, అయిపోతుంది. నవంబరుకి మిగిలేవి అప్పగింతలే. మన ఊళ్ళో సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తు ఉండదు. అక్కడ కమిషనరు పదవికి పార్టీల పేరు మీదే నిలబడతారు, మీ వైపు పోటీ అంతా పార్టీ లోపలే. ఇంకోటి గుర్తుంచుకో. మన దగ్గర టికెట్ రానివాడు రెబెల్‌గా నిలబడతాడు. టెక్సాస్‌లో ప్రైమరీలో ఓడినవాళ్ళు అదే నవంబరులో ఇండిపెండెంట్‌గా నిలబడటానికి చట్టం ఒప్పుకోదు.

ముందు కాగితాల సంగతి. ఓట్లు తక్కువై ఓడితే మళ్ళీ చూసుకోవచ్చు, కాగితం తప్పై పేరు కొట్టేస్తే తలెత్తుకోలేవు.

మొదటి కాగితం ప్రచారం డబ్బు లెక్కలు చూసే ట్రెజరర్ నియామకం, ఫారం సీటీఏ. కౌంటీ క్లర్కు దగ్గర, లేదా మీ కౌంటీకి ఎన్నికల అడ్మినిస్ట్రేటర్ ఉంటే అక్కడ ఇస్తావు. ట్రెజరరుగా నీ పేరే రాసుకోవచ్చు. ఆ ఫారం ఇవ్వకముందు ఒక్క డాలరు తీసుకోకూడదు, ఒక్క డాలరు ఖర్చు పెట్టకూడదు. "నా సొంత డబ్బే కదా" అనుకుంటారు. సొంత డబ్బైనా ఖర్చు ఖర్చే. నామినేషన్ ఫీజు కూడా ప్రచార ఖర్చు కిందికే వస్తుంది. అంటే ఫీజు ముందు కట్టి సీటీఏ తర్వాత ఇస్తే అప్పుడే తప్పు చేసినట్టు.

రెండోది ప్రైమరీ బ్యాలెట్‌లో పేరు కోసం దరఖాస్తు. 2025 నవంబరు 8న మొదలై డిసెంబరు 8 సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. ఇచ్చేది పార్టీ కౌంటీ ఛైర్‌కి. ఆ ఛైర్‌కి నీ ఊరిలో ఆఫీసేమీ ఉండకపోవచ్చు. పగలంతా ట్రాక్టరు మీదో షాపులోనో ఉండే మనిషై ఉంటారు. కాబట్టి ముందే ఫోన్ చేసి, ఎక్కడ ఎప్పుడు కలుస్తారో అడుగు. దరఖాస్తు మీద ప్రమాణం చేసి సంతకం పెట్టాలి, నోటరీ ముద్ర పడాలి. ఆఖరి రోజు సాయంత్రం నోటరీ కోసం వెతుక్కునేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. నవంబరు రెండో వారంలో ఇచ్చేసెయ్. ఛైర్ చూసి "ఇదిగో ఇక్కడ తప్పుంది" అంటే దిద్ది మళ్ళీ ఇవ్వడానికి నీకు మూడు వారాలుంటాయి. డిసెంబరు 8 ఆరు దాటాక దిద్దుబాటు లేదు.

రెండు లక్షల జనాభా లోపున్న కౌంటీలో కమిషనరు పదవికి ఫీజు 750 డాలర్లు. డబ్బు బదులు సంతకాల పిటిషన్ ఇవ్వచ్చు గానీ నీకు చెప్పను. ప్రతి సంతకం పక్కనా అచ్చులో పేరు, చిరునామా, తేదీ, పుట్టిన తేదీ లేదా ఓటరు నంబరు ఉండాలి. ఒకటి లోపిస్తే ఆ సంతకం పోయినట్టే. ఫీజు కట్టు, ఆ సాయంత్రాలు ఇళ్ళకి వెళ్ళు.

అర్హత ఒకసారి సరిచూసుకో. దరఖాస్తుల గడువు నాటికి టెక్సాస్‌లో ఏడాది, నీ ప్రిసింక్ట్‌లో ఆరు నెలలు ఎడతెగకుండా ఉండాలి, ఓటూ అక్కడే ఉండాలి. ఇక్కడొక తికమక. ఓటింగ్ ప్రిసింక్ట్ వేరు, చిన్న కేసులు చూసే జడ్జి, జస్టిస్ ఆఫ్ ది పీస్, ప్రిసింక్ట్ వేరు, కమిషనర్ ప్రిసింక్ట్ వేరు. మూడింటికీ నంబర్లుంటాయి, ఒకదానితో ఒకటి కలవక్కర్లేదు. నీ ఓటరు కార్డులో కమిషనర్ గడిలో 2 ఉందా లేదా అన్నదొక్కటే చూడు.

బ్యాలెట్ మీద పేరు. మన ఇంటిపేర్లు వాళ్ళ నోటికి తిరగవని మొహమాటపడకు, అలాగని మొత్తం నాలుగు ముక్కలూ పరచకు. అక్కడి జనం నిన్ను పొట్టి పేరుతో మూడేళ్ళుగా పిలుస్తూ ఉంటే, పది అక్షరాలు దాటని ఒక్క మాట ముద్దుపేరు అసలు పేరుతో కలిపి వేయించుకోవచ్చు. మందుల షాపు కౌంటరులో నిన్ను ఏమని పిలుస్తారో అదే బ్యాలెట్ మీదా, అదే బోర్డు మీదా ఉండాలి. రెండు చోట్లా రెండు రకాలుంటే బూత్‌లో తడుముకుంటారు. పేర్ల వరస చీటీ తీసి వేస్తారు, దాని గురించి దిగులొద్దు.

ఇక లెక్క. ఓటర్ల జాబితా తెచ్చుకో. చాలా పల్లె కౌంటీల్లో అది టాక్స్ అసెసర్ ఆఫీసులో దొరుకుతుంది. అందులో ఎవరు ఎవరికి వేశారో ఉండదు గానీ, ఎవరు ఏ ఏడాది ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారో ఉంటుంది. అదే నీ బంగారం. టెక్సాస్‌లో ఓటరు పార్టీ సభ్యుడిగా నమోదవ్వడు, మార్చిలో ఏ బ్యాలెట్ కావాలంటే అది అడుగుతాడు. అందుకే పాత చరిత్ర తప్ప వేరే ఆధారం లేదు. గత మూడు ప్రైమరీల్లో కనీసం రెండిట్లో ఓటేసినవాళ్ళని వేరు చెయ్యి. మాటవరసకి నీ ప్రిసింక్ట్‌లో నాలుగు వేల ఓటర్లుంటే అలాంటివాళ్ళు తొమ్మిది వందలు తేలారనుకో. ఇళ్ళ లెక్కన అయిదు వందల యాభై. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ రెండేసి మైళ్ళు. వారం రోజుల సాయంత్రాల్లో పది ఇళ్ళు, శనివారం పదిహేను. సెప్టెంబరులో మొదలుపెడితే ఫిబ్రవరి మధ్యకి చుట్టి రాగలవు. జనవరిలో మొదలుపెడితే సగం కూడా కావు, ఆరింటికే చీకటి పడుతుంది, చీకటి పడ్డాక రాంచ్ ఇంటి తలుపు తట్టకూడదు.

ఇళ్ళకి వెళ్ళే తీరు కూడా చెప్తాను. తెరిచి ఉన్న గేటు తెరిచే వదులు, మూసి ఉన్నదాన్ని దాటగానే మూసెయ్. పశువులు రోడ్డెక్కితే ఆ ఇంటి ఓటే కాదు, ఆ వీధి ఓట్లన్నీ పోతాయి. చెట్ల మీదా కంచె గుంజల మీదా ఊదారంగు నిలువు గీతలు కనపడితే లోపలికి వెళ్ళకు. టెక్సాస్‌లో ఆ రంగుకి "ప్రవేశం నిషిద్ధం" బోర్డుతో సమానమైన విలువ ఉంది. అలాంటి ఇళ్ళకి ఫోనో చీటీయో. వాకిట్లో కారాపి ఒకసారి చిన్నగా హారన్ కొట్టు, కుక్క వచ్చి చూసి వెళ్ళేదాకా దిగకు. తలుపు తట్టాక నాలుగు అడుగులు వెనక్కి వచ్చి నిలబడు. ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు అని పొరపాటున కూడా అడగకు. మన దగ్గర "బ్యాంకులో ఎంతుంది" అని అడిగినట్టే అది. "మీదే ఊరు" అని వాళ్ళు అడుగుతారు. గుంటూరు తర్వాత చెప్పొచ్చు, ముందు నీ కౌంటీ రోడ్డు నంబరు చెప్పు.

ప్రత్యర్థిని పల్లెత్తు మాట అనకు. ఎవరు ఎవరికి వియ్యంకుడో నీకు తెలీదు. ఇప్పుడున్న కమిషనరు మరదలే నీకు కాఫీ పోస్తూ ఉండొచ్చు.

కమిషనరు పనిలో ఎక్కువ పాలు రోడ్లే, తర్వాత బడ్జెట్. రోడ్ల గురించి మాట్లాడలేకపోతే మిగతా సంగతులు ఎవరూ వినరు. ముందు ఏ రోడ్డు ఎవరిదో నేర్చుకో. నల్లటి చదరంలో తెల్లటి టెక్సాస్ బొమ్మ ఉన్న బోర్డుంటే అది ఫార్మ్ రోడ్డు, రాష్ట్రానిది. దాని గుంట నువ్వు పూడ్చలేవు, పూడుస్తానని ఒప్పుకున్నావో తెలిసినవాళ్ళు నవ్వుతారు. కౌంటీ రోడ్డే నీది. అది ఎక్కువగా కలీచీ సున్నపు మట్టితోనో కంకరతోనో వేసినది. దాని ప్రాణం నడుమెత్తులో ఉంటుంది. మధ్య నుంచి అంచుకి అడుగుకి అర అంగుళం చొప్పున వాలుండాలి. ఆ వాలు పోతే నీళ్ళు మధ్యలో నిలుస్తాయి, గుంటలు పడతాయి. రోడ్డు గీసి చదును చేసే యంత్రం గ్రేడరుని అక్కడ మెయింటెయినర్ అంటారు, నువ్వూ అదే అను. పొడి మట్టి మీద దాన్ని నడిపితే పై పొర లేచి దుమ్మవుతుంది, వారంలో మళ్ళీ తరగలు పడతాయి. తడి ఉన్నప్పుడే మట్టి పట్టుకుంటుంది. అందుకే "మా రోడ్డు ఎప్పుడు గీస్తారు" అంటే తేదీ చెప్పకు. "వాన పడ్డాక మొదటి వారం మీ వైపు ఎవరి వంతు ఉంటుందో పట్టీ పెట్టించి అందరికీ చూపిస్తాను" అను. అది చేయగలిగిన మాట.

పన్నుల మీద కూడా నోరు జాగ్రత్త. ఇంటి పన్ను బిల్లులో కౌంటీ వాటా ఒకటి, స్కూలు వాటా ఇంకొకటి, చాలాచోట్ల స్కూలుదే పెద్దది. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. కమిషనర్ల చేతిలో ఉండేది కౌంటీ రేటు ఒక్కటే. గత ఏడాది కౌంటీ బడ్జెట్ అడిగి తెచ్చుకుని రోడ్డూ వంతెనల పద్దు కంఠతా పట్టు. డీజిల్‌కెంత, కంకరకెంత, ఎందరు జీతగాళ్ళు. కమిషనర్స్ కోర్టు సమావేశాలకి ఇప్పటినుంచే వెళ్ళి వెనక బల్ల మీద కూర్చో. అక్కడ ప్రజలెవరూ రారు, వచ్చినవాళ్ళ మొహం గుర్తుంటుంది.

బోర్డులు. చిన్నవి 18 బై 24 అంగుళాలు, తీగ కాళ్ళవి. ప్రింటరుకి చెప్పేటప్పుడు ప్లాస్టిక్ షీటు లోపలి గొట్టాలు నిలువుగా ఉండాలని చెప్పు, అడ్డంగా ఉంటే తీగ దూరదు. పెద్దవి నాలుగు బై ఎనిమిది అడుగులు, వాటికి మూడు టీ-పోస్టులు, అంటే ఇనుప కంచె గుంజలు. ఫిబ్రవరి ఉత్తరపు గాలికి ప్లాస్టిక్ టైలు చలికి పెళుసెక్కి తెగుతాయి, తీగతో కట్టించు. రెండే రంగులు, పేరు పెద్దగా. ఇప్పుడు ఆ పదవిలో లేవు కనక పదవి పేరు ముందు "ఫర్" అన్న మాట ఉండి తీరాలి, ఆ మాట పదవి పేరు అక్షరాల్లో కనీసం సగం ఎత్తుండాలి. రోడ్డు హద్దులో పెట్టకూడదన్న చట్టపు హెచ్చరికా, డబ్బు ఎవరిచ్చారన్న వాక్యమూ అచ్చు వేయించు. ఎప్పుడూ కంచె లోపలే, యజమానిని అడిగే. కంచెకీ తారుకీ మధ్య ఖాళీ రాష్ట్రానిదో కౌంటీదో, అక్కడ పాతితే పీకేస్తారు.

డబ్బు దగ్గర మనవాళ్ళ వల్లే నీకు చిక్కొస్తుంది, అందుకే విడిగా రాస్తున్నాను. డాలస్ నుంచి హ్యూస్టన్ నుంచి స్నేహితులు ప్రేమగా పంపుతారు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర పది డాలర్లు కూడా తీసుకోకు. ఫెడరల్ చట్టం, కౌంటీ ఎన్నికలకీ వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వచ్చు. వీసా వాళ్ళు జీతం లేకుండా బోర్డులు కట్టడం లాంటి సాయం చెయ్యచ్చు, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం కూర్చోకూడదు. మోటెల్, గ్యాస్ స్టేషన్ ఉన్నవాళ్ళు షాపు చెక్కు రాసిచ్చేస్తారు. ఇన్‌కార్పొరేట్ అయిన కంపెనీ చెక్కు తీసుకోవడం టెక్సాస్‌లో నేరం. "మీ సొంత అకౌంటు చెక్కు ఇవ్వండి బాబాయ్" అని అక్కడికక్కడే తిప్పి ఇచ్చెయ్. ఒక్కరి దగ్గర ఒక రిపోర్టు కాలంలో నూరు డాలర్లకి మించి నోట్లు తీసుకోకు. లెక్కల రిపోర్టు జనవరి 15న ఒకటి, పోటీ ఉంటే ఫిబ్రవరి 2న, 23న మరో రెండు. ఖర్చు బాగా తక్కువుంటుందనుకుంటే సీటీఏ వెనక పేజీలో ఆ ఫిబ్రవరి రెండూ తప్పించుకునే వీలుంది. కానీ పరిమితి చాలా చిన్నది, బోర్డులూ కార్డులూ కొంటే దాటిపోతావు.

ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా. నీ అసలు పోలింగ్ అదే అనుకో. మొదటి కార్డు 13, 14 తేదీలకి ఇళ్ళకి చేరేలా పోస్టు చెయ్యి, రెండోది మార్చి 3కి ముందు శనివారానికి. ఏ రోజు ఎవరు ఓటేశారో మర్నాడు పొద్దున జాబితా వస్తుంది, నీ తొమ్మిది వందల్లో వేసినవాళ్ళని కొట్టేసి మిగతావాళ్ళకే ఫోన్ చెయ్యి. పెద్దవాళ్ళు "ఈ కవరు పోస్టులో వెయ్యమ్మా" అని తపాలా బ్యాలెట్ చేతికిస్తారు. తాకకు. కాదంటే బాధపడతారు, అయినా తాకకు. బూత్ తలుపుకి నూరు అడుగుల లోపల నీ పేరున్న టోపీ కూడా పనికిరాదు, ఫోనూ తియ్యకూడదు. లోపల నీ తరఫున పోల్ వాచర్‌ని కూర్చోబెట్టాలంటే ఆ మనిషి రాష్ట్రం పెట్టే ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది జనవరిలోనే చేయించు.

ముగ్గురు నిలబడితే ఎవరికీ సగం దాటకపోవచ్చు. అప్పుడు మొదటి ఇద్దరికీ మే 26న రనాఫ్. మార్చిలో వచ్చినవాళ్ళలో చాలామంది మేలో రారు. కాబట్టి చేతిలో డబ్బు నాలుగో వంతు అట్టే పెట్టుకో. మూడో అభ్యర్థి ఇంటికి మర్నాడే వెళ్ళు, బోర్డులు పీకడానికి మీ ఆయన్ని ట్రక్కుతో పంపు. నీ బోర్డులు మాత్రం పీకకు.

ఉంటాను. సీటీఏ ఇచ్చిన రోజున దాని నకలు నాకు పంపు. క్లర్కు ముద్ర, తేదీ పడ్డాయో లేదో చూస్తాను.

మీ మావయ్య