హైదరాబాద్ గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్లు అక్కడికి ఎలా వచ్చాయి?

అవి ఎక్కడి నుంచీ రాలేదు. ఉన్నచోటే ఒకే గ్రానైట్ కొండ అరిగిపోగా మిగిలిన ముక్కలవి.

సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం నేల లోతుల్లో శిలాద్రవం నెమ్మదిగా గడ్డకట్టి ఈ గ్రానైట్ అయింది. పైపొరలు కొట్టుకుపోయి బరువు తగ్గేకొద్దీ రాయి నిలువునా అడ్డంగా పగిలింది. ఆ పగుళ్లలోకి దిగిన వాననీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమన్నుగా మారుస్తుంది. మూలలకు అన్ని వైపుల నుంచీ నీరు తగులుతుంది కనుక అవే ముందు అరుగుతాయి. పలకల దిమ్మ గుండు అవుతుంది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకు జారిపోయాక, గట్టి గుండ్లు ఉన్న వరుసలోనే నిలుస్తాయి.

ఖాజాగూడ గుట్టలు ఎక్కేటప్పుడు బండ అంచు చూడండి. ఉల్లిపొరల్లా పెచ్చులు లేచి ఉంటాయి, కింద గరుకు ఇసుక రాలి ఉంటుంది. పగుళ్లు తక్కువైన చోట భువనగిరి కొండలా ఏకశిల మిగులుతుంది.

వరద దొర్లించిందనీ, అగ్నిపర్వతం విసిరిందనీ చాలామంది అనుకుంటారు. కానీ అగ్నిపర్వతం నుంచి పైకి ఎగజిమ్మిన లావా త్వరగా చల్లారుతుంది, అందులో పెద్ద స్ఫటికాలు పెరగవు. ఈ రాతిలో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్ పలుకులు కంటికే కనిపిస్తాయి.