డొంకదారికి ఏ బండి కొనాలి? పికప్పా, పాత ట్రాక్టరా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు, అంతా మిర్చే. పక్కనే మా తమ్ముడు నాలుగెకరాలు చేస్తున్నాడు. ఊరి నుంచి పొలానికి రెండు కిలోమీటర్ల నల్లరేగడి డొంక. ఎరువు తోలకానికి, కాయ కల్లానికి చేర్చడానికి, టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డుకు వేయడానికి నిరుడు 45 వేలు కిరాయి అయింది. దుక్కులకు మరో 30 వేలు. తమ్ముడికీ అన్నీ కలిపి 60 వేలు అవుతోంది. నా చేతిలో లక్షన్నర ఉంది. సెకండ్ హ్యాండ్ పికప్ మూడున్నర లక్షలకు వస్తోంది, తక్కువ పడే రెండు లక్షలు ఫైనాన్స్ ఇస్తామంటున్నారు. పాత ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రక్కు (ట్రాలీ) కలిపి 3 లక్షల 20 వేలు చెబుతున్నారు. ఫోర్ వీల్ జీపు అయితేనే ఆ దారికి తట్టుకుంటుందని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు పికప్ ఫైనాన్స్ సంగతి. "తొమ్మిది శాతమే" అని మీకు చెప్పి ఉంటారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే, మూడేళ్లకు రెండు లక్షల మీద 54 వేల వడ్డీ మొదటి రోజే కలిపేస్తారు. నెలకు 7,055 రూపాయల కిస్తీ. మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొత్తం రెండు లక్షల మీదే పడుతుంది కాబట్టి, బ్యాంకు లెక్కలో అది 16 శాతం పైమాటే. ఏడాదికి కిస్తీలు దాదాపు 85 వేలు. తోలకాలకు మీరు ఇస్తున్న కిరాయి 45 వేలు. డీజిల్ పోయకముందే, టైరు మార్చకముందే ఖర్చు రెట్టింపుకు దగ్గరగా వచ్చింది. పైగా కిస్తీ ప్రతి నెలా కట్టాలి, మీకు డబ్బు కనిపించేది ఫిబ్రవరి నుంచి మే దాకానే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చిన సంగతి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. అలాంటి ఏడాదిలో కూడా కట్టగలిగిన అప్పే అప్పు. ఈ పికప్ వద్దు.

ఇక దారి సంగతి. మీ బరువులు ఏ నెలలో కదులుతాయో ఒక్కసారి చూసుకోండి. పశువుల ఎరువు తోలేది వేసవిలో. కాయ కల్లానికి, టిక్కీలు యార్డుకు వెళ్లేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య. అంటే నిండు లోడు నడిచే రోజుల్లో డొంక ఎండిపోయి ఉంటుంది. చక్రం దిగబడే బురద రోజుల్లో మీరు తీసుకెళ్లేది నారు, నాలుగు యూరియా బస్తాలు, స్ప్రేయరు. దీనికోసం ఫోర్ వీల్ జీపుకు డబ్బు పోయడం దండగ. పాతబడిన ఫోర్ వీల్ బండికి ముందు చక్రాల వైపు పని వచ్చిందంటే ఖర్చు మీ ఊళ్లో తేలదు, విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లాలి.

మీ డొంకలో అసలు ఇబ్బంది గాడి. వానల్లో ట్రాక్టర్లు తొక్కిన గాడులు వేసవికి రాయిలా గట్టిపడతాయి. మీరు అడగకపోయినా చిన్న మినీ ట్రక్కు సంగతీ చెబుతాను, దానికి ఉండేవి 12 అంగుళాల చక్రాలు. అవి గాడిలోకి దిగితే మధ్య కట్ట బండి అడుగుకు తగులుతుంది, వెనక ఇరుసు హౌసింగ్ రాసుకుంటుంది. ఒక చక్రం గాడిలో, ఒకటి గట్టు మీద నడిస్తే లోడు ఒక పక్కకు ఒరుగుతుంది, కమాన్ పట్టీలు విరిగేది అక్కడే. మినీ ట్రక్కు మోసే బరువు కూడా ముప్పాతిక టన్నే. ఎకరాకు 20 క్వింటాళ్ల లెక్కన మీ ఐదెకరాలకు పది టన్నులు. టిక్కీ 42 కిలోలు అనుకుంటే దాదాపు 240 టిక్కీలు, పద్నాలుగు ట్రిప్పులు. "ముప్పై టిక్కీలు వేసేద్దాం" అంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడు జరిమానా 20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. పికప్ దీనికంటే చాలా నయం, చక్రాలు పెద్దవి, టన్నున్నర దాకా మోస్తుంది. కానీ అది దుక్కి దున్నదు.

అందుకే ఈ దారికి ట్రాక్టరే సరైన బండి. అయినా మీరొక్కరే కొనకండి. మీ కిరాయిలు మొత్తం 75 వేలు. ట్రాక్టరు వచ్చినా రోటవేటరు పని, కొంత యార్డు కిరాయి తప్పవు, అవి ఒక 20 వేలు. డీజిల్, ఆయిల్, రిపేర్లు, బీమా తక్కువలో తక్కువ 30 వేలు. మిగిలేది 25 వేలు. ఆ లెక్కన 3 లక్షల 20 వేలు రాబట్టుకోవడానికి పన్నెండేళ్లు పైనే, ఈలోపు బండి ముసలిదవుతుంది. తమ్ముడితో కలిస్తే లెక్క మారుతుంది. ఇద్దరి కిరాయిలు లక్షా 35 వేలు. బయటి పనులకు 35 వేలు, నడిపే ఖర్చుకు 40 వేలు తీసేసినా ఏటా 60 వేలు మిగులుతుంది. అతనూ లక్షన్నర పెట్టగలిగితే అప్పే అక్కర్లేదు. ధర 2 లక్షల 70 వేలకు దించండి, గొర్రు అందులోనే కలపమనండి, మిగిలిన 30 వేలు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టండి. ధర దిగకపోతే ఇంకొకటి చూడండి. అతని దగ్గర డబ్బు లేకపోతే ఈ సీజనుకు కిరాయే మేలు. పంట రుణం డబ్బు మాత్రం బండికి మళ్లించకండి.

అన్నదమ్ములైనా కాగితం రాసుకోండి. ఆర్‌సీ ఒకరి పేరునే ఉంటుంది కాబట్టి రెండో వారి వాటా, డీజిల్ ఎవరు పోయాలి, ఒకరు తప్పుకుంటే బండికి ధర ఎలా కట్టాలి అన్నవి అందులో ఉండాలి. తొలకరి పడిన మర్నాడు ఎవరి చేను ముందు అన్నదీ రాయండి. మాటలు పెరిగేది ఎక్కువగా అక్కడే.

బండి చూడటానికి తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే మర్నాడు రండి. స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీసి చూడండి, పొగ గట్టిగా తన్నుతుంటే ఇంజను బోరు పని దగ్గర పడినట్టే. గొర్రు తగిలించి పైకెత్తి ఇంజను ఆపండి. పావుగంటలో గొర్రు బాగా దిగిపోతే హైడ్రాలిక్ ఖర్చు ధరలో తగ్గించాలి. ట్రక్కు ఛాసిస్ కింద వంగి చూడండి, కొక్కెం దగ్గర వెల్డింగ్ మచ్చలుంటే ఎందుకో అడగండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు చేయించుకోండి. బీమా పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్పించండి. ట్రక్కుకు రిజిస్ట్రేషన్, బీమా వేరేగా ఉన్నాయో లేదో చూడండి, చాలా పాత ట్రక్కులకు ఉండవు.

ఇంకో రెండు మాటలు. వ్యవసాయ రిజిస్ట్రేషన్ మీద ఊళ్లోవాళ్ల సరుకు కిరాయికి తోలితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. కిరాయి ఆదాయం మీద ఆశ ఉంటే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి రిజిస్ట్రేషన్ మార్పించుకోండి. నా లెక్కలో ఆ ఆదాయం ఒక్క రూపాయి కూడా కలపలేదు. కోత కూలీలను ట్రక్కులో ఎక్కించవద్దు, దయచేసి. ట్రక్కు బోల్తా పడితే పోయేది వాళ్ల ప్రాణాలు, పరిహారం మీ పొలం మీద పడుతుంది. వాళ్లకు ఆటో మాట్లాడండి, ఆ ఖర్చును కోత ఖర్చులోనే రాసుకోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మేవాళ్లను ఒక పూట బండి అడగండి. డీజిల్ మీరే పోసి, నిండా ఎరువు వేసి, మీ డొంకలో ఒక ట్రిప్పు తోలించండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.