బండి దిగినా దిగని ఒత్తిడి

చిత్తూరు

చిరంజీవి నాయనకు పెద్దనాయన ఆశీస్సులు.

మెడ పట్టేస్తోందని, తిన్న గంటకే గుండెల్లో మంటని, తెల్లారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడటం లేదని రాశావు. మూడింటికీ మూడు రకాల మాత్రలు మింగుతున్నావట. మూడింటి వెనకా ఉన్నది ఒకటేనేమో ముందు చూడాల.

యాత్రికులను ఎక్కించుకుని తిరుమల కొండ దిగేటప్పుడు నీ ముందు బండి ఉన్నట్టుండి ఆగిందనుకో. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి తోస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరుగుదల మందగిస్తుంది. కాసేపటికి కార్టిసాల్ అనే ఇంకో ఒత్తిడి హార్మోను కూడా తోడవుతుంది. ఇదంతా మన మంచికే, లేకుంటే బ్రేకు మీద కాలు అంత చురుగ్గా పడదు. గండం గడిచాక ఒళ్లు మామూలుకు రావాల. నీకు చిక్కు అక్కడే ఉంది. బండి ఆపినా ఫైనాన్సు వాయిదా, రద్దయిన బుకింగు తలలో తిరుగుతుంటే ఒళ్లు ఇంకా వంపులోనే ఉన్నాననుకుంటుంది. ఇది ఏళ్ల తరబడి సాగితే నిద్ర చెడి, బీపీకీ షుగరుకూ దారి తీయొచ్చు.

యాత్రికులు దర్శనానికి పోయినాక నీకు గంటల కొద్దీ ఖాళీ. ఫోన్ డాష్‌బోర్డులో పెట్టెయ్. సీటు కొంచెం వెనక్కి వాల్చి, పళ్లు కరుచుకుని ఉంటే దవడ వదులు చెయ్. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చు, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు. నిమిషానికి ఆరు శ్వాసలు, ఐదు నిమిషాలకు ముప్పై. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు పోయే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, వదిలేది నిదానంగా ఉండాలనేది అందుకే. చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే, రొమ్ము పొంగేలా పెద్దగా లాగుతారు. దాంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు జిమ్ముమంటాయి, భయం ఇంకా ఎక్కువవుతుంది. పొట్ట మెల్లగా కదిలితే చాలు. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు బిగించి ఉంచు, ఒక్కసారిగా వదిలేసి ఇరవై సెకన్లు ఊరకుండు. ఇట్లా మూడుసార్లు. బిగింపుకూ వదులుకూ తేడా మెడకు తెలియాల. నొప్పి పుడితే మాత్రం ఆపెయ్.

టీ సంగతి. కెఫీన్ సగం తగ్గడానికే ఒంట్లో దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది పదకొండుకు ఇంకా సగం ఉంటుంది. పడుకునే వేళకు ఎనిమిది గంటల ముందే ఆఖరి టీ. నిద్ర కోసం మద్యం ముట్టుకోవద్దు నాయనా. మొదట మత్తుగా పడుకోబెడుతుంది, సగం రాత్రి తర్వాత అదే లేపుతుంది.

అప్పు ఆలోచనలకు రోజూ సాయంత్రం పదిహేను నిమిషాలు కేటాయించు, పడక మీద కాదు. నోటు పుస్తకంలో ఎడమవైపు బాధ, కుడివైపు రేపు చెయ్యగలిగిన ఒక్క పని. ‘వాయిదా తేదీ పదో తారీఖుకు మారుస్తారేమో అడగాల’, అంత కచ్చితంగా రాయి. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకు. ఎంతకీ నిద్ర రాకుంటే లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కినాక మళ్లీ పడుకో.

నడక మంచిదని అలిపిరి 3550 మెట్లూ మొదటి రోజే ఎక్కేయకు. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు చాలు.

బీపీ వారం రోజులు ఇంట్లో చూసుకో. టీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టు. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రమూ. సగటు 135/85 దాటితే డాక్టరు దగ్గరికి పో. గుండెల్లో మంట ఆగకపోయినా అంతే, అన్నీ ఒత్తిడి ఖాతాలో రాయకూడదు. ఛాతీ నొక్కినట్టుండి చెమట పడితే బండి నువ్వు నడపొద్దు, 108కి ఫోన్ చెయ్. రెండు వారాలు దేనిమీదా మనసు పోకున్నా, బతకాలనిపించకున్నా కోడలికి చెప్పు, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ ఫోన్ 14416కు చెయ్. ఉచితం, రాత్రయినా పలుకుతారు.

ఈ వారం బీపీ అంకెలు కోడలి చేత రాయించి ఆదివారం నాకు పంపు.

పెద్దనాయన