అరవై దాటితే బుద్ధి మందగిస్తుందా, స్వభావం మారుతుందా?

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే మీ నాన్నగారు అరవై దాటాక ఫోన్‌లో కొత్త యాప్ నేర్చుకోలేక తడబడుతున్నారని, కోపం మాత్రం తగ్గిందని రాశారు. రెండూ సహజమే. కొత్తదాన్ని చటుక్కున పట్టుకునే వేగం యౌవనం దాటగానే కొద్దికొద్దిగా తగ్గుతుంది. కాయను తుంచి, వాసన చూసి సరుకు నాణ్యత చెప్పే అనుభవజ్ఞానం, పదసంపద మాత్రం అరవైలలోనూ చాలామందికి నిలిచే ఉంటాయి. మనస్తత్వవేత్త షాయీ 1956లో అమెరికాలోని సియాటిల్‌లో ఆరంభించిన దీర్ఘకాలిక అధ్యయనంలోనూ, సగటున చాలా సామర్థ్యాలు అరవై ప్రాంతం దాటాకే స్పష్టంగా తగ్గాయి.

స్వభావం సంగతి కాస్త చిత్రమైనది. వయసుతో సగటు మనిషిలో బాధ్యత, నెమ్మది పెరుగుతాయి గానీ, తోటివారితో పోల్చినప్పుడు ఎవరి స్థానం వారిది పెద్దగా మారదు. కుర్రతనంలో వాగుడుకాయ అనిపించుకున్నవారు సాధారణంగా ముసలితనంలోనూ తమ ఈడువారిలో ఎక్కువ మాట్లాడేవారుగానే ఉంటారు.