గాలి ఎక్కువున్న రోజు డీప్ రిమ్ చక్రాలతో సైకిల్ తొక్కొచ్చా?

తొక్కొచ్చు, కాకపోతే ముందు చక్రం రిమ్ లోతు (టైరు వైపు అంచు నుంచి ఇరుసు వైపుకు రిమ్ ఎంతుందో ఆ కొలత; అది ఎక్కువుంటేనే డీప్ రిమ్ అంటారు) 35–40 మి.మీ. దాటనీయొద్దు, వెనక 50–60 ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. వెనక చక్రం ఫ్రేమ్‌కు బిగిసి ఉంటుంది. ముందుది హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి పక్కగాలి దాన్ని నెడితే హ్యాండిలే గుంజుకుపోతుంది. ఒకే తీరున వీచే గాలికి ఒళ్లు అలవాటు పడుతుంది, చిక్కంతా విసురుగాలితోనే.

వానాకాలంలో నకిరేకల్ నుంచి సూర్యాపేట వైపు పోతుంటే నైరుతి గాలి కుడివైపు నుంచి తగులుతుంది. దాటిపోయే లారీ ఆ గాలికి అడ్డుపడుతుంది, అది ముందుకు పోగానే గాలి ఒక్కసారిగా కొడుతుంది. అప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపులో, మోచేతులు వంచి, పట్టు వదులుగా ఉంచి తొక్కుతూనే ఉండాలి. ఎడమన మీటరు జాగా ఉంచుకోండి.

హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే సైకిల్ నిలబడుతుందనుకుంటారు. ఉల్టా: చేతులు బిగుసుకుంటే ఒంటి ఊపంతా హ్యాండిల్‌కే చేరుతుంది.