ఇల్లు మారేముందు అక్కర్లేని సామాను ఏం చేయాలి?

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కు బదిలీ అయింది, నెలలో ఇల్లు ఖాళీ చేయాలి, ఏళ్ల తరబడి చేరిన సామానంతా పాత సామాన్లవాళ్లకు వేసేయడమేనా అని అడిగారు. వద్దండి. వాళ్లు తూకం చూస్తారు. మంచి టేకు బల్ల కూడా వాళ్ల లెక్కలో కట్టెల కిందికే వస్తుంది. మేము కూకట్‌పల్లి నుంచి కాకినాడ వెళ్లినప్పుడు చేసింది చెప్తాను.

ముందు పెద్ద సామాను తేల్చండి. సామాను ఎంత చోటు పడుతుందో చూసే ప్యాకర్స్ వాళ్లు రేటు చెప్తారు. పాత సోఫాను అంత దూరం మోయించే ఖర్చు, అక్కడ ఇంకోటి కొనే ఖర్చు పక్కపక్కన రాసుకుంటే చాలావాటి సంగతి తేలిపోతుంది. అమ్మేవి ఈ వారమే ఓఎల్ఎక్స్‌లో పెట్టండి. కొలతలు రాయండి, గీతలు పడి ఉంటే అవీ ఫొటోలో కనిపించాలి. మాకైతే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే ఎక్కువ అమ్ముడయ్యాయి, ఎందుకంటే పై ఫ్లోర్ వాళ్లు వచ్చి చూసుకుని అప్పుడే పట్టుకెళ్తారు. ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటే అది మోసం. మనకు డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు.

అటక మీది ఇత్తడి, రాగి, కంచు పాత్రలను ఇనుముతో కలిపి తూచనివ్వకండి, దేని ధర దానిదే. అమ్మేముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. ఏ బిందె ఎవరి పుట్టింటిదో వాళ్లకే తెలుసు.

ఇక ఊరికే ఇచ్చేవాటి గురించి కాస్త గట్టిగానే చెప్తాను. చాలామంది చివరిరోజు మిగిలిందంతా పనిమనిషికీ వాచ్‌మన్‌కీ అంటగట్టి వెళ్లిపోతారు. ఒక్క గదిలో నలుగురుండే ఇంట్లో తలుపు ఊడిన బీరువా ఎక్కడ పెట్టుకుంటారు? కాదనలేక తీసుకుని, ఆటోకి డబ్బులు పెట్టి, తర్వాత వాళ్లే పారేసుకోవాలి. అది సాయం కాదు, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టడం. ఏం కావాలో ముందే అడగండి. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ ఫ్రిజ్ వద్దంది, కరెంటు బిల్లు కట్టలేనంది. మిక్సీ, పాప చదువుకోవడానికి టేబుల్ అడిగింది. మిక్సీ జార్ రబ్బరు మార్పించి ఇచ్చాం, టేబుల్‌ను మా ఖర్చుతోనే వాళ్లింటికి పంపాం. పనిచేసేదే ఇవ్వాలి, ఇంటిదాకా చేర్చే కిరాయి మనమే పెట్టుకోవాలి అన్నది నా గట్టి అభిప్రాయం.

బట్టలూ అంతే, ఉతికి, బొత్తాలు చూసి, వాడిన బట్టలు సేకరించి అవసరమైనవాళ్లకు చేర్చే గూంజ్ లాంటి సంస్థలకు ఇవ్వండి. చిరిగినవి ఇంట్లో తుడుపుగుడ్డలకు వాడేయండి. గ్రూప్స్ పుస్తకాలుంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే పిల్లలను అడిగి చూడండి. సిలబస్ మారిపోయిన పుస్తకాలు మాత్రం వాళ్లకివ్వొద్దు, నేరుగా పాత పేపర్లలో వేసేయండి.

ఇన్వర్టర్ బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి, దాన్ని బ్యాటరీ డీలర్‌కే ఇవ్వండి, పాతదానికి ఎంతో కొంత కట్టిస్తారు. చెడిపోయిన ఫోన్లు, ఛార్జర్లు, వైర్లు వీధిలో వేస్తే రాగి కోసం తగలబెట్టేవాళ్లు ఉంటారు, ఆ పొగ చాలా ప్రమాదం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వీటి రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఎక్కడ ఇవ్వాలో కనుక్కోండి. ఇచ్చేముందు ఫోన్‌లో సిమ్, మెమరీ కార్డు తీసేసి రీసెట్ చేయండి.

గ్యాస్ సిలిండర్ ఎవరికీ అమ్మకండి, ఇచ్చేయకండి. అది కంపెనీ ఆస్తి. సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ కాగితం రాయించుకోండి. వైజాగ్‌లో కనెక్షన్‌కు అది కావాలి. చివరి రెండు మూడు రోజుల వంటకు ఇండక్షన్ స్టవ్ బయట ఉంచుకుంటే ఈ పని ముందే ముగించుకోవచ్చు.